బ్లాక్ యారో గామా ఇంజిన్: ఎడారిలో ఉంచాల్సిందా, ఇంటికి తేవడమే మంచిదైందా?

తుని_తీరం (సౌతాంప్టన్)

బ్రిటన్ సొంత రాకెట్ మీద సొంత ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపింది ఒకే ఒక్కసారి. 1971 అక్టోబర్ 28న, ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచి. రాకెట్ బ్లాక్ యారో ఆర్3, ఉపగ్రహం 66 కిలోల ప్రోస్పెరో. బాధ కలిగించే సంగతేంటంటే, అంతకు మూడు నెలల ముందే, జూలై 29న, ఈ కార్యక్రమాన్ని ఆపేస్తున్నామని మంత్రి ఫ్రెడరిక్ కోర్‌ఫీల్డ్ పార్లమెంటులో ప్రకటించేశారు. రాకెట్ అప్పటికే ఆస్ట్రేలియాకి బయల్దేరింది కాబట్టి ఈ ఒక్కటీ కానివ్వండి అన్నారు. ఆ ఒక్కటే కక్ష్యకి చేరింది.

రాకెట్ మొదటి దశ, అంటే గామా 8 ఇంజిన్ ఉన్న భాగం, పని పూర్తి చేసి ఆస్ట్రేలియా ఎడారిలో పడింది. తర్వాత విలియం క్రీక్ అనే చిన్న ఊళ్లో ఆరుబయట, దారిన పోయేవాళ్లు చూసేలా చాలా ఏళ్లు ఉంది. 2019లో స్కైరోరా అనే రాకెట్ కంపెనీ దాన్ని ఓడెక్కించి బ్రిటన్‌కి తెచ్చింది. ఎడిన్‌బరో దగ్గర పెనిక్విక్‌లో జనానికి చూపించారు.

ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో, నీడిల్స్ అనే రాళ్ల పైన ఉన్న కొండ మీద ఈ ఇంజిన్లని కాల్చి పరీక్షించిన హై డౌన్ స్థలం ఉంది. అది చూశాక నాకు ఈ విషయం మనసులోంచి పోవట్లేదు. రెండు ప్రశ్నలు. అది పడిన దేశంలోనే ఉండాల్సిందా, ఇక్కడికి తేవడం సబబేనా? రెండోది, ఇలాంటి ఇంజిన్‌కి సొట్టలు తీసి రంగేసి పెట్టాలా, పడింది పడినట్టే ఉంచాలా? నా మటుకు నేను రెండోదానికి ముట్టుకోవద్దనే అంటాను. మీరేమంటారు?

ఎర్రనేల (అడిలైడ్)

విలియం క్రీక్‌లో నేను చూశాను. లేక్ ఎయిర్ అనే ఉప్పు సరస్సు మీదుగా చిన్న విమానంలో తిప్పుతారు కదా, దానికోసం వెళ్లాం. ఊడ్నడట్టా ట్రాక్ అనే మట్టి రోడ్డు మీద ఉంటుంది ఆ ఊరు, ఊరంటే ఒక పబ్బు, పెట్రోలు, విమానాలు దిగే చోటు, పట్టుమని పది మంది కూడా ఉంటారో లేదో. చుట్టూ ఉన్నదంతా ఆనా క్రీక్ పశువుల ఎస్టేటే, ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదంటారు. ఆ రాకెట్ పడింది కూడా ఆ ఎస్టేట్‌లోనే.

మీరు మ్యూజియం అనగానే ఊహించుకునేలాంటిది కాదు. రేకు ఒకవైపు నలిగిపోయి, చీలిన చోట లోపలి ట్యాంకు గోడ కనపడుతూ ఉంది. నేను చెయ్యి పెట్టి చూశాను, మధ్యాహ్నం ఎండకి పెనంలా కాలుతోంది. అడ్డుగా తాడు లేదు, గాజు లేదు. మా అబ్బాయి కింద కూర్చుని అడుగు భాగంలోకి తొంగి చూస్తూ ఎంత పిలిచినా రాలేదు. ఏ మ్యూజియంలోనూ వాడు అంతసేపు ఒక వస్తువు దగ్గర ఉండలేదు.

కాబట్టి నా ఓటు అక్కడే ఉండాల్సింది అని. పడిన నేల మీద, ఆ ఎండలో, ఆ ఖాళీలో చూస్తేనే అది ఎంత దూరం నుంచి వచ్చి పడిందో తెలుస్తుంది.

లోథియన్_లలిత (ఎడిన్‌బరో)

ఎర్రనేల గారూ, మీరు చూసిన అనుభవం గొప్పదే, కానీ ఒక్కటి ఆలోచించండి. ఆరుబయట 48 ఏళ్లు ఎండకీ దుమ్ముకీ ఉన్న వస్తువది. జనం కూడా దాన్ని సరిగ్గా చూసుకోలేదు, పాడు చేశారని తెచ్చేటప్పుడు వార్తల్లో రాశారు. కాపలా లేని చోట తాడు లేకపోవడం మీ అబ్బాయికి వరమైంది, ఇంకొకడికి స్క్రూడ్రైవర్ పెట్టే అవకాశమైంది.

పెనిక్విక్‌లో చూపించినప్పుడు నేను వెళ్లాను. చలికి వణుకుతూ నిలబడ్డాం అందరం. నా పక్కన ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు ఆ ఇంజిన్ వైపే చూస్తూ ఉన్నారు. అడగాలనిపించింది కానీ అడగలేదు. ఆయనలాంటివాళ్లు విలియం క్రీక్ దాకా ఎలా వెళ్తారండీ? దీన్ని చేసినవాళ్లంతా ఈ దేశంలో ఉన్నారు. ఈస్ట్ కౌజ్‌లో రాకెట్ కట్టినవాళ్లు, కోవెంట్రీ దగ్గర ఇంజిన్ చేసినవాళ్లు, వాళ్ల పిల్లలు.

వాల్వ్_వాసు (కోవెంట్రీ)

కోవెంట్రీ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. గామా ఇంజిన్ల పుట్టిల్లు ఇక్కడే, ఊరి బయట ఆన్‌స్టీ. మొదట ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ మోటార్స్, 1959లో బ్రిస్టల్ సిడ్లీ అయింది, 1966లో రోల్స్ రాయిస్‌లో కలిసింది. మూలం జర్మనీది. యుద్ధ సమయంలో వాల్టర్ అనే ఆయన హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే రసాయనంతో నడిచే ఇంజిన్లు చేశాడు, మెసర్‌ష్మిట్ Me 163 యుద్ధ విమానం ఎగిరింది వాటితోనే. యుద్ధం అయ్యాక ఆ పరిజ్ఞానం, కొందరు మనుషులు బ్రిటన్‌కి వచ్చారు, ఇక్కడివాళ్లు దాన్ని పట్టుకుని చాలా ముందుకి తీసుకెళ్లారు. ముందు బ్లాక్ నైట్ అనే పరిశోధన రాకెట్, 1958 నుంచి 1965 దాకా 22 ప్రయోగాలు. తర్వాత బ్లాక్ యారో.

ఇంజిన్ పనిచేసే తీరు చెప్పకుండా దాన్ని ఎక్కడ పెట్టాలని ఎంత మాట్లాడుకున్నా లాభం లేదని నా అభిప్రాయం. గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని వెండి పూత పూసిన నికెల్ జాలీల గుండా పంపిస్తారు. సన్నటి జాలీలు, ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. వెండి తగలగానే పెరాక్సైడ్ నీటి ఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది, వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కి వెళ్తుంది. ఆ వేడి ఆక్సిజన్‌లోకి కిరోసిన్ చల్లితే దానంతటదే అంటుకుంటుంది. నిప్పు పెట్టే పరికరమే అక్కర్లేదు. మిగతా రాకెట్లలో సరైన క్షణంలో మంట అంటుకుంటుందా లేదా అని ఎంత టెన్షన్ పడతారో చదివినవాళ్లకి, ఇది ఎంత హాయైన ఏర్పాటో అర్థమవుతుంది.

బరువు లెక్కలో ఒక వంతు కిరోసిన్‌కి సుమారు ఎనిమిది వంతుల పెరాక్సైడ్ వాడతారు. అంత పెరాక్సైడ్ చేతిలో ఉంది కాబట్టి, ఇంధనం మండే చాంబర్ గోడల మధ్య నుంచి దాన్నే తిప్పి గోడల్ని చల్లబరుస్తారు. బయటికొచ్చేది ఎక్కువగా ఆవిరే. మంట దాదాపు కనపడదు. నాజిల్, అంటే మంట బయటికొచ్చే గొట్టం, కింద వరుసగా వజ్రాల్లాంటి మెరుపులు మాత్రం కనిపిస్తాయి. పాత ఫిల్ములు చూడండి, కింద నుంచి ఏమీ రాకుండానే రాకెట్ లేచిపోతున్నట్టుంటుంది.

గామా 8లో ఎనిమిది చాంబర్లు, రెండేసి చొప్పున నాలుగు జతలు. ఒక్కో జత ఒక్కో దిక్కుకి ఊగుతుంది, రాకెట్‌ని తిప్పేది అవే. రెండో దశలో గామా 2, రెండే చాంబర్లు, పైన గాలి ఉండదు కాబట్టి పొడవాటి నాజిళ్లు. మూడోది వ్యాక్స్‌వింగ్ అనే ఘన ఇంధన మోటారు.

బీటెక్_థర్డ్_ఇయర్ (వరంగల్)

వాసు అన్నా, పెరాక్సైడ్ అంత బాగుంటే ఇప్పుడు అందరూ ఎందుకు వాడట్లేదు? మాకు క్లాసులో లిక్విడ్ ఆక్సిజన్, హైడ్రాజీన్ రకాలే చెప్పారు, ఇది పేరు కూడా ఎత్తలేదు.

కెమిస్ట్రీ_మాస్టారు (విశాఖపట్నం)

మంచి ప్రశ్న అడిగావు బాబూ. మెడికల్ షాపులో దెబ్బలకి వేసుకోమని ఇచ్చే పెరాక్సైడ్ 3 శాతం ఉంటుంది, అదే పుండు మీద పోస్తే బుసబుసా పొంగుతుంది. ఈ రాకెట్లలో వాడింది 85 శాతం. అందులో ఇంత తుప్పు, ఇంత దుమ్ము, ఒక నూనె చుక్క, ఏది పడినా విడిపోవడం మొదలవుతుంది. విడిపోతే వేడి, వేడికి ఇంకా వేగంగా విడిపోతుంది. ట్యాంకులు, పైపులు అన్నీ స్వచ్ఛమైన అల్యూమినియంతో చేసి, లోపల మరక లేకుండా కడిగి పెట్టాలి. దాంతో పనిచేసేవాళ్లు ప్లాస్టిక్ సూట్లు తొడుక్కుని, పక్కనే నీళ్లు సిద్ధంగా పెట్టుకునేవారు. ఒంటి మీద పడితే ముందు నీళ్లే.

ప్రాణాలు కూడా పోయాయి. 1955 జూన్‌లో పోర్ట్‌లాండ్ రేవులో సైడన్ అనే బ్రిటిష్ జలాంతర్గామిలో పెరాక్సైడ్ టార్పెడో పేలి 13 మంది చనిపోయారు. 2000లో రష్యా జలాంతర్గామి కుర్స్క్ మునిగిందీ పెరాక్సైడ్ టార్పెడో వల్లే, 118 మంది పోయారు. కానీ ఒక మాట చెప్పాలి. టార్పెడోని జలాంతర్గామి కడుపులో మనుషుల మధ్య నెలల తరబడి పెట్టుకుంటారు, రాకెట్‌లో ప్రయోగానికి ముందు నింపుతారు. గామా జట్టు ఇంత మొండి ద్రవాన్ని క్రమశిక్షణతో లొంగదీసుకుంది. ఆ పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది.

వాడకపోవడానికి అసలు కారణం బలం. లిక్విడ్ ఆక్సిజన్‌తో పోలిస్తే కిలో ఇంధనానికి వచ్చే తోసే బలం తక్కువ. అయితే పెరాక్సైడ్‌ని మైనస్ 183 డిగ్రీల దగ్గర పెట్టక్కర్లేదు, మామూలు ఉష్ణోగ్రతలో ద్రవంగానే ఉంటుంది. సాంద్రత ఎక్కువ కాబట్టి ట్యాంకు చిన్నది సరిపోతుంది. హైడ్రాజీన్‌లా విషమూ కాదు. నిన్ను నువ్వు అడుగు, చిన్న రాకెట్ కట్టే చిన్న జట్టుకి ఏది నయం? స్కైరోరా మళ్లీ పెరాక్సైడ్, కిరోసిన్ జంటనే ఎంచుకుంది. ఆ కంపెనీ ఈ పాత ఇంజిన్ కోసం అంత దూరం వెళ్లడానికి కారణం అక్కడే ఉంది.

లెక్కలబ్బాయి (హైదరాబాద్)

అందరూ ఇంజిన్ గురించి బాగా రాశారు కానీ రద్దు చేయడం తప్పు అన్నట్టే మాట్లాడుతున్నారు, దానికి నేను ఒప్పుకోను. 1969 జూన్ నుంచి 1971 అక్టోబర్ దాకా నాలుగే ప్రయోగాలు. అందులో రెండు ఫెయిల్. మోసేది చూస్తే కింది కక్ష్యకి 130 కిలోల చిల్లర. అప్పటికే ప్రపంచం పెద్ద కమ్యూనికేషన్ ఉపగ్రహాల వైపు వెళ్తోంది. అమెరికా స్కౌట్ రాకెట్ కొనుక్కుంటే చవక అని లెక్క తేలింది, ప్రోస్పెరో వరుసలో తర్వాతి ఉపగ్రహం మిరాండా 1974లో స్కౌట్ మీదే వెళ్లింది. ప్రజల డబ్బు ఖర్చు పెట్టే మంత్రిని ఈ ఒక్కదానికి తప్పుపట్టలేం. ఇంజిన్‌ని గౌరవంగా దాచుకుందాం, చూపిద్దాం, కానీ బోర్డు మీద “అన్యాయంగా ఆపేశారు” అని రాయొద్దు.

వాల్వ్_వాసు (కోవెంట్రీ)

ఆ ఫెయిల్ అయిన రెండూ విడిగా చూడాలి బ్రదర్. మొదటిదైన ఆర్0 విద్యుత్ లోపంతో పోయింది, ఒక జత చాంబర్లు అటూ ఇటూ ఊగిపోయి రాకెట్ అదుపు తప్పింది, ప్రయోగ కేంద్రం భద్రతా సిబ్బంది పేల్చేశారు. ఆర్2లో రెండో దశ ట్యాంకులో పీడనం లీకై ముందే ఆగిపోయింది. ఇంధనం మండే దగ్గర తప్పు జరగలేదు. ఆర్1 బాగా వెళ్లింది, ఆర్3 కక్ష్యకి చేరింది. నాలుగో ప్రయోగానికే చేరుకున్న జట్టుని ఇంటికి పంపించేశారు.

సూళ్లూరు_సూరి (సూళ్లూరుపేట)

లెక్కలబ్బాయి గారూ, మా ఊరి లెక్క కూడా కొంచెం వినండి. సొంత రాకెట్‌తో ఉపగ్రహాన్ని పంపిన ఆరో దేశం బ్రిటన్. ఏడోది మనం, 1980 జూలై 18న, మా శ్రీహరికోట నుంచి, ఎస్ఎల్‌వీ-3 మీద 35 కిలోల రోహిణి. ఎస్ఎల్‌వీ-3 మోసేది కూడా 40 కిలోలే, బ్లాక్ యారోకి మూడో వంతు. 1979లో మొదటి ప్రయత్నం సముద్రంలో పడింది. తర్వాత ఏఎస్ఎల్‌వీ 1987లో పోయింది, 1988లో మళ్లీ పోయింది. పీఎస్ఎల్‌వీ కూడా 1993లో మొదటిసారి ఫెయిలే. మా నాన్నగారు అప్పట్లో టీ అంగడి దగ్గర విన్న మాటలు చెప్తుంటారు, ఇంత డబ్బు సముద్రంలో పోస్తున్నారని తిట్టినవాళ్లు చాలామంది. మీరు చెప్పిన లెక్కే అప్పుడు ఇక్కడ కూడా వేసి ఆపేసి ఉంటే?

2015 జూలై 10న పీఎస్ఎల్‌వీ-సీ28 లేచింది. అందులో ఉన్న ఐదు ఉపగ్రహాలూ బ్రిటన్‌వే, మొత్తం 1,440 కిలోలు. మేడ మీద నిలబడి చూశాం. 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో 36, వన్‌వెబ్ ఉపగ్రహాలు ఎల్‌వీఎం3 మీద వెళ్లాయి, ఆ కంపెనీ కూడా లండన్‌దే. ఆరో దేశం ఉపగ్రహాలు ఏడో దేశం నుంచి ఎగిరాయి. దీన్ని నేను గొప్ప కోసం చెప్పట్లేదు, ఆ ఇంజిన్ చేసినవాళ్ల మీద నిజంగా జాలితో చెప్తున్నాను. వాళ్ల పని మన పని కంటే ఏమాత్రం తక్కువ కాదు. వాళ్లకి ఇంకొంచెం టైం దొరకలేదు.

లెక్కలబ్బాయి (హైదరాబాద్)

సూరి గారూ, బలమైన వాదన. కానీ మన దగ్గర ఉపగ్రహాలతో చేయాల్సిన పని ముందే ఉంది, టీవీ, వాతావరణం, భూమి సర్వే, వాటికోసం రాకెట్ కావాలి. బ్రిటన్‌కి అప్పుడు ఆ జాబితా లేదు, రాకెట్ ముందు, అవసరం తర్వాత అన్నట్టుండేది. ఈ తేడా కూడా బోర్డు మీద రాస్తే చదివే పిల్లలకి నిజంగా ఉపయోగం. రద్దు చేసిన తేదీ, కారణంగా చెప్పిన మాట, ఆ తర్వాత ఏం జరిగింది, మూడూ రాయండి, తీర్పు చదివేవాళ్లే చెప్పుకుంటారు.

ఎర్రనేల (అడిలైడ్)

ప్రోస్పెరో ఇంకా పైనే ఉందని కూడా రాయాలి. 1973 దాకా పనిచేసింది, తర్వాత కూడా ఏడాదికోసారి దాని సిగ్నల్ పట్టుకునేవారు, 1996 దాకా. విడిపోయాక వ్యాక్స్‌వింగ్ వెనకాలే వచ్చి తగిలి ఒక యాంటెన్నా విరిగిందట, అయినా పనిచేసింది!

లలిత గారు చెప్పిన పెద్దాయన గురించి చదివాక తేవడం తప్పనలేను. కానీ విలియం క్రీక్‌లో అది ఉన్న చోట కనీసం ఒక బోర్డు, ఫొటో ఉండాలి. ఆస్ట్రేలియా వాళ్ల నేలా, వాళ్ల శ్రమా లేకపోతే ఈ రాకెట్ ఎగిరేది కాదు.

లోథియన్_లలిత (ఎడిన్‌బరో)

పూర్తిగా ఒప్పుకుంటా. సొట్టల సంగతికి వస్తే నేను తుని గారి పక్షం. ఎందుకంటే ఎగరని ఆర్4 చెక్కు చెదరకుండా లండన్ సైన్స్ మ్యూజియానికి వెళ్లింది. నున్నగా, నిండుగా ఉన్న బ్లాక్ యారో ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అది చాలు. ఆర్3ని కూడా అలా తయారుచేస్తే మనకి రెండు ఆర్4లు మిగులుతాయి, ఎగిరి పడినది ఒక్కటీ మిగలదు. నలిగిన ఆ రేకు, వంగిన ఆ పైపులు, అవే అది ఎగిరిందనడానికి సాక్ష్యం. తుప్పు ఇంకా పెరగకుండా చూసుకోవాలి, ఇక్కడి తేమకి అది పెద్ద పనే. రంగు మాత్రం వద్దు.

బీటెక్_థర్డ్_ఇయర్ (వరంగల్)

నాకైతే ఒక కోత ఇంజిన్ కూడా పక్కన పెడితే బాగుంటుందనిపిస్తుంది. అంటే ఒక చాంబర్‌ని నిలువునా కోసి వెండి జాలీలు, రెండు గోడల మధ్య పెరాక్సైడ్ తిరిగే దారి కనపడేలా. ఆర్3ది కాదు, విడి భాగం ఏదైనా దొరికితే. పుస్తకంలో బొమ్మ చూసి పరీక్ష రాయొచ్చు కానీ ఆ సందు ఎంత సన్నగా ఉంటుందో బొమ్మలో తెలియదు.

వాల్వ్_వాసు (కోవెంట్రీ)

ఇది మంచి మాట తమ్ముడూ. ఆరిపోయిన ఇంజిన్ చూసేవాళ్లకి గొట్టాల మూటలా ఉంటుంది. కోత పెడితే కిరోసిన్ ఎటు, పెరాక్సైడ్ ఎటు అని వేలు పెట్టి చూపించొచ్చు. ఇంకోటి, హై డౌన్‌లో కాల్చి చూశాకే ప్రతి రాకెట్‌నీ ఓడ ఎక్కించేవారు, ఆ సంగతి కూడా అదే బోర్డు మీద ఉండాలి. ఒక ద్వీపం మీద కొండ అంచున కాల్చి, భూమికి అవతలి వైపు ఎగరేశారు. ఈ రెండు చోట్లనీ కలిపి చూపించే మ్యాప్ ఉంటే ఇంకా బాగుంటుంది.

తుని_తీరం (సౌతాంప్టన్)

అందరికీ చాలా థాంక్స్. హై డౌన్ గురించి ఇంకొంచెం, వెళ్లాలనుకునేవాళ్ల కోసం. పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటుంది, న్యూ బ్యాటరీ అని బోర్డులు ఉంటాయి, రాకెట్ల ప్రదర్శన భూగర్భ గదుల్లో ఉంది. అలమ్ బే దగ్గర కారు పెట్టి కొండ ఎక్కాలి, గాలి విపరీతం, చిన్నపిల్లలుంటే జాకెట్లు మర్చిపోవద్దు. పరీక్ష వేదికల కాంక్రీటు ఇంకా అలాగే ఉంది, ఇంజిన్ మంటని మళ్లించి సముద్రం వైపు వదిలిన చోటు స్పష్టంగా కనపడుతుంది. తెరిచే వేళలు చూసుకుని వెళ్లండి.

ఆర్3ని తెచ్చినవాళ్లకి ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. సొట్టలు తీయొద్దని, కోత భాగం ఒకటి పక్కన పెట్టమని, విలియం క్రీక్‌లో ఒక బోర్డు పెట్టించమని. లెక్కలబ్బాయి గారు చెప్పిన మూడు విషయాలు కూడా చేరుస్తాను. పెరాక్సైడ్ గురించి పేరా మాస్టారు రాసిస్తే బాగుంటుంది.

కెమిస్ట్రీ_మాస్టారు (విశాఖపట్నం)

తప్పకుండా రాసిస్తాను. సైడన్‌లో పోయిన 13 మంది ప్రస్తావన అందులో ఉంటుంది, దాన్ని తీసేయకుండా పంపండి. వాసు, జాలీలు పేర్చిన తీరు ఒక చిన్న బొమ్మ గీసి ఇస్తే నా పేరా పక్కన పెడదాం.

వాల్వ్_వాసు (కోవెంట్రీ)

ఆదివారానికి గీసి ఇక్కడే పెడతాను మాస్టారూ.